‘కావాలనే’ అని రాశాను

నేను తొమ్మిదేళ్ళు చేసిన పనికి మా హిందూపురంలో సరైన పేరు లేదు. కాగితాల్లో మిస్టరీ షాపర్ అని ఉండేది. మా ఆయన మాత్రం ‘దొంగ గిరాకీ’ అనేవాడు. వీధిలో ఎవరన్నా నీ పనేందని అడిగితే, చీరల వ్యాపారమని ఒకసారి, ఇన్సూరెన్సు అని ఒకసారి చెప్పి తప్పించుకునేదాన్ని. ఎందుకంటే నిజం చెప్పకూడదు. చెప్పిన రోజుతో ఉద్యోగం పోతుంది. చివరికి నాది అట్లాగే పోయింది. ఆ పోయిన సంగతే ఇది. మీరంతా పొద్దున లేస్తే హోటలుకో, డాక్టరుకో, ఆటో నడిపే మనిషికో ఫోన్లో రేటింగు చుక్కలు ఇస్తుంటారు కాబట్టి మీకు చెప్పాలనిపించింది.

అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు గార్మెంట్ ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్లో ఉన్నాను. కుట్టిన చొక్కా నా బల్ల మీదికి వచ్చేది. కుట్టు జారినా, గుండీ ఒక నూలుపోగంత పక్కకు పోయినా, తప్పున్న చోట చిన్న ఎర్ర బాణం స్టిక్కర్ అంటించి వెనక్కి పంపాలి. నా కంటికి తప్పు దొరక్కుండా పోదని పేరు. మోకాళ్ళు అరిగి నిలబడలేని పరిస్థితి వచ్చాక ఆ పని మానేశాను. అప్పుడు మా పాత సూపర్‌వైజరు బెంగళూరులో ఒక ఏజెన్సీలో చేరి ఉండె. ఆమె ద్వారా ఈ పని దొరికింది. జీతం లేదు, ఆఫీసు లేదు. పని ఉన్నప్పుడు ఫోన్లో మెసేజీ వస్తుంది, ఒప్పుకుంటే చేయాలి, లేకపోతే లేదు.

పని చెప్పుకోవడానికి సులువు. మామూలు గిరాకీ లాగా, కొనడానికి వచ్చినట్టు, షాపుకు పోవాలి. లోపలికి అడుగుపెట్టాక ఎంతసేపటికి పలకరించారు, నవ్వారా, ఎన్ని రకాలు చూపించారు, గ్యారంటీ గురించి చెప్పారా, అన్నీ మనసులో పెట్టుకోవాలి. బయటికి వచ్చి, కనపడనంత దూరం పోయి, ఫోన్లో ఫారం నింపాలి. చివర్లో ఒక ఖాళీ గడి ఉంటుంది, మన అభిప్రాయం రాయడానికి. నేను తెలుగులో రాసేదాన్ని. బెంగళూరులో ఒక మేడం దాన్ని ఇంగ్లీషులోకి మార్చి షాపుల హెడ్డాఫీసుకు పంపేది. ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. మదనపల్లిలో పుట్టి బెంగళూరులో మెట్టింది, సగం తెలుగు సగం కన్నడం. "అక్కా, ఫారం చెన్నాగుంది" అనేది, బాగుందని. ఆ ఒక్క మాట కోసం నేను కాళ్ళు పీకుతున్నా ఇంకో షాపుకు పోయేదాన్ని.

హిందూపురంలో నాకు పని ఇచ్చేవాళ్ళు కాదు. ఒకసారి ఇచ్చారు. బేకరీలోకి అడుగుపెట్టగానే ఆ యజమాని "రా వదినా, అన్నకు షుగరు తగ్గిందా?" అన్నాడు. ఆ ఫారం చెల్లలేదు. అప్పట్నుంచి పెనుకొండ, ధర్మవరం నా వంతుకు వచ్చాయి. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ దారిలో షోరూములు బాగా పెరిగాయి. పొద్దున పాసింజరు రైలెక్కితే రెండూ చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

పెనుకొండలో నాలాంటివాడే ఇంకొకాయన ఉండేవాడు. రిటైరైన ఆర్టీసీ కండక్టరు. పని నేర్పింది ఆయనే. షాపులో పెన్ను తియ్యొద్దని, గడియారం చూడొద్దని, టైం కావాలంటే ఎంతమంది బిల్లు కట్టారో లెక్కపెట్టుకోమని చెప్పేవాడు. అయితే ఆయన ఖాళీ గడిలో ఎప్పుడూ ఒకటే మాట రాసేవాడు, ‘బాగుంది’ అని. "అంత పెద్ద గడి ఇచ్చి ఉండారు, ఇంకేమన్నా రాయొచ్చు కదన్నా" అంటే, "ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టిన చేయమ్మా, పొడుగు మాటలు రావు" అనేవాడు. ఆయనది బద్ధకం అనుకునేదాన్ని. నేను మాత్రం గడి నిండా రాసేదాన్ని.

ఈ పనిలో చేరిన ఏడో ఏడు, ఎండాకాలంలో ధర్మవరంలో ఒక పెద్ద షాపుకు పంపారు. ఫ్రిజ్జులు, మిక్సీలు, కూలర్లు అమ్మే షాపు. నేను వాషింగ్ మెషీన్ కోసం వచ్చినదాన్ని అన్నమాట. లోపల ఒకే ఒక సేల్స్‌మన్ ఉన్నాడు. నలభై దాటిన మనిషి, నీలం టీషర్టు, నెరిసిన మీసం. నాకు వీపు పెట్టి కూలర్ల మీద ధర చీటీలు అంటిస్తున్నాడు. ఆయన ఎడమ పక్కకు పోయి నిలబడి "అన్నా" అన్నాను. పలకలేదు. ఇంకో అడుగు దగ్గరికి పోయి, "అన్నా, వాషింగ్ మెషీన్లు చూపిస్తావా?" అన్నాను. ఊహూ. మూడోసారి కూడా అడిగాను. చీటీలన్నీ అంటించడం అయిపోయాక వెనక్కి తిరిగి, నన్ను చూసి ఉలిక్కిపడి, వెంటనే ముఖమంతా నవ్వాడు.

"రండి మేడం, రండి. యాడి నుంచి వస్తాండారు?"

బాగానే చూపించాడు. మూతలు తెరిచి, గుండ్రంగా తిప్పి, ఒక్కోటి ఓపికగా చెప్పాడు. మా ఇంట్లో బోరు నీళ్ళు, ఉప్పు పేరుకుపోతుంది. అది నిజం. అందుకే మెషీన్ మీద చెయ్యి వేసి, దానివైపే చూస్తూ, "ఈ నీళ్ళకు వస్తుందా అన్నా?" అని అడిగాను.

"పదేండ్లు వస్తాది మేడం, డోకా లేదు" అన్నాడు.

నేను ఒకటి అడిగితే ఆయన ఒకటి చెప్పాడు. బయటికి వచ్చి, రైల్వే స్టేషన్ బెంచీ మీద కూర్చుని, ఫారం నింపాను. నవ్వాడా అన్నదానికి అవునని టిక్కు పెట్టాను. ఖాళీ గడిలో, మూడుసార్లు పిలిచినా పలకలేదని, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పాడని రాశాను. అక్కడితో ఆపొచ్చు. చెకింగ్ సెక్షన్ బుద్ధి ఊరుకోదు కదా. ‘కస్టమర్‌ను కావాలనే పట్టించుకోలేదు’ అని ఇంకో వాక్యం కలిపాను. రాశాక రెండుసార్లు చదువుకుని, బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా.

మేడం ఫోన్ చేసి మెచ్చుకుంది. "అక్కా, ఈ మాదిరి ఎవరూ రాయరు" అంది.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం ధర్మవరంలో పాసింజరెక్కాను. ఎదురు సీట్లో ఒక జంట. ఆయన కిటికీ పక్కన కూర్చుని నన్ను అదేపనిగా చూస్తున్నాడు. తెల్ల చొక్కాలో ఉన్నాడు కాబట్టి నేను గుర్తుపట్టలేదు. ఆయనే ముందుకు వంగాడు.

"మేడం, వాషింగ్ మెషీన్ తీసుకున్నారా?"

ఆ నెరిసిన మీసం చూసి అప్పుడు గుర్తుపట్టాను. ఇంకా లేదన్నాను.

"తీసుకోకపోయింది మంచిదే అయింది. ఆ పొద్దు మీరు అడిగింది నీళ్ళ గురించి. నేను ఏండ్ల గురించి చెప్పినా. ఇంటికి పోయి అన్నం తింటా తింటా, పక్క నుంచి కనపడిన మీ నోరు ఎట్ల కదిలిందో గుర్తు తెచ్చుకుంటే అప్పుడు తెలిసింది. మీ నంబరు కూడా లేకపాయ. ఉప్పు నీళ్ళయితే పైపు కాడ ఫిల్టరు పెట్టించుకోల్ల మేడం. లేకుంటే రెండేండ్లకే పోతాది. మిమ్మల్ని మోసం చేసినట్ల అయితాదేమోనని మనసులో ఉండె."

నెలన్నర ఆ జవాబు మోసుకుని తిరిగాడన్నమాట.

ఆయన భార్య నవ్వింది. నవ్వుతూనే గొంతు తగ్గించి, "మా ఆయనకు ఎడమ చెవి బొత్తిగా లేదక్కా. కుడిది కొంచెం ఉండాది. చిన్నప్పటి నుంచి మరమగ్గాల షెడ్డులో పని చేసె. ఆ సద్దుకు పోయింది" అంది. ఆమెది ఎర్రమంచి. తమ్ముడి ఇంట్లో కార్యముంటే ఇద్దరూ పోతున్నారు.

"ఇప్పుడు షాపులోనే ఉండాడా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"యాడుండాడు అక్కా! ఎవరో గిరాకీ మాదిరి వచ్చి కంపెనీకి రాసినారంట. హెడ్డాఫీసు నుంచి కాయితం వచ్చె. ఇప్పుడు వెనక గోడౌన్లో పెట్టెలు మోపిస్తాండారు. ఇంకోసారి ఎవరన్నా ఇట్లనే రాస్తే తీసేస్తారంట." ఆయన వైపు ఒకసారి చూసింది. "మోసేదానికి ఈయనేం బాధపడలేదు. ఆ కాయితంలో ‘కావాలనే’ అని ఉండె. ఆ మాట పట్టుకోని రెండు దినాలు అన్నం తినలేదు. నేను కావాలనే ఎందుకు చేస్తా, అని నన్ను అడుగుతాడు. నేనేం చెప్పేది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మా మాటలు ఆయనకు వినపడలేదు. పెనుకొండలో దిగుతూ నాకు దండం పెట్టి, "ఫిల్టరు మర్చిపోవద్దండి" అన్నాడు.

నేను హిందూపురం దాకా పోవాలి. పోలేదు. వాళ్ళు కనుమరుగయ్యాక నేనూ దిగి కండక్టరన్న ఇంటికి పోయాను. అంతా చెప్పాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"గమ్మునుండమ్మా" అన్నాడు. "నువ్వెవరో చెప్తే నీ పని పోతాది. చెవుడని రాసి పంపితే ఆయప్ప పని పోతాది. ఇన్నాళ్ళూ దాచుకున్నాడంటే ఊరికే దాచుకోలేదు గదా."

"మరి నేను రాసింది అట్లనే ఉండాల్నా?"

"నేనూ ఆ షాపుకు పోయినా, పోయినేడు. నా అదృష్టమో ఆయప్ప అదృష్టమో, కుడి పక్క నిలబడినట్టుండా." కొంచెం నవ్వాడు. "బాగుంది అని రాసినా."

ఆయన బద్ధకం వల్ల ఒక్క మనిషికి కూడా నష్టం జరగలేదు. ఆ రోజు అది తెలిసింది.

నాలుగు రోజులు ఇంట్లో ఏ పనీ తోచలేదు. కండక్టరన్న చెప్పింది నిజమే. సరిదిద్దితే ఆయన దాచుకున్నది నేను బయటపెట్టినట్టు. సరిదిద్దకపోతే ఆ మాట అట్లాగే ఉంటుంది. మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. నూనె చేతులతోనే నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "చెవి ఆయప్పది. చెప్పల్లా వద్దా అనేది ఆయప్పనే అడుగు. నీ మధ్యవర్తిత్వం ఏంది?" అన్నాడు. ఇంత సులువైన మాట నాకు నాలుగు రోజుల పాటు తట్టలేదు.

మర్నాడు ధర్మవరం పోయాను. షాపు ముందు నుంచి కాకుండా సందులోంచి వెనక గోడౌన్ దగ్గరికి పోయాను. లారీ వచ్చి ఉంది, ఇంజను ఆపలేదు. ఆయన ఏసీ పెట్టె ఒకటి వీపు మీద మోసుకొచ్చి దించుతున్నాడు. నన్ను చూసి, "మేడం, ఈడికొచ్చినారేంది? ముందుకు పోండి, వాళ్ళు చూపిస్తారు" అన్నాడు.

నేను మెల్లగా, "అన్నా, ఆ కాయితం రాసింది నేనే" అన్నాను.

"ఏంది మేడం?"

కుడి పక్కకు పోయి మళ్ళీ చెప్పాను. లారీ మోతలో నాకే నా మాట వినపడలేదు. ఆయన నా ముఖం వైపు చూస్తున్నాడు, కాని నేను సిగ్గుతో తల దించుకునే ఉన్నాను. ఇంక లాభం లేదని, ఊపిరి పీల్చుకుని, "హెడ్డాఫీసుకు రాసింది నేనే!" అని గట్టిగా అరిచాను. సరిగ్గా అప్పుడే డ్రైవరు ఇంజను ఆపేశాడు.

గోడౌన్ అంతా నా అరుపు మోగింది. డ్రైవరు కిందికి దిగబోయి ఆగిపోయాడు. లోపలి నుంచి మేనేజరు వచ్చాడు, ముప్పై ఐదేళ్ళుంటాయి. ఆయన వెనకే బిల్లింగ్ కౌంటరులో కూర్చునే అమ్మాయి.

సేల్స్‌మన్ తను దించిన పెట్టె మీద కూర్చున్నాడు. "నేను నవ్వలేదా అక్కా, ఆ పొద్దు?" అన్నాడు.

"నవ్వినావు. నవ్వినావని కూడా రాసినా."

"మరి కావాలనే అని ఎట్ల అనిపించె?"

"నేను చూసింది, నువ్వు తిరగలేదని మటుకే. మిగతాది నేనే కల్పించుకున్నా. తప్పు చేసినా" అన్నాను. చొక్కాకు స్టిక్కరు అంటిస్తే చొక్కా బాధపడదు. ఇరవై ఐదేళ్ళుగా నా చేతికి అదే అలవాటు.

బిల్లింగ్ అమ్మాయి ఊరుకోలేదు. "మా అన్నకు వినపడదని ఈడ అందరికీ తెలుసు. గిరాకీ వస్తే నేను లేచిపోయి, ఆయన చేయి పెట్టిన ఫ్రిజ్జు మీదో కూలరు మీదో పెన్నుతో కొడతా. ఆ దెబ్బ ఆయన చేతికి తెలుస్తాది, తిరుగుతాడు. నాలుగేండ్లలో ఒక్క గిరాకీ కూడా ఏమీ అనలేదు. నేను ఒక్క పొద్దు సెలవు పెడితే నువ్వొచ్చి రాసిపోతివి!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆ పిల్లకు. ఆమె తిట్టిన ప్రతి మాటా నాకు తగినదే. ఒక షాపులో నలుగురు మనుషులు కలిసి ఒకరిని ఎట్లా కాపాడుకుంటున్నారో నా ఫారంలో ఏ గడిలోనూ అడగలేదు. నేనూ చూడలేదు.

"ఇప్పుడు నేను మళ్ళీ రాయగలను" అన్నాను ఆయనతో. "తప్పు నాదని రాస్తా. కానీ ఎందుకు పలకలేదో చెప్పకుండా రాస్తే నమ్మరు. చెప్తే నీ సంగతి తెలిసిపోతాది. రాయమంటే రాస్తా, వద్దంటే ఇట్లనే పోతా. నువ్వే చెప్పు."

ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ముఖం తెల్లబోయింది. తెలిసి కూడా హెడ్డాఫీసుకు చెప్పనందుకు ఆయన మీదికీ వస్తుంది. ఆ మాట ఎవరూ అనలేదు కాని అందరికీ తెలుసు.

"రాయక్కా" అన్నాడు ఆయన. "ఎవరు పిలుస్తారో, యాడ నుంచి పిలుస్తారో అని తల తిప్పీ తిప్పీ నాలుగేండ్లుగా మెడ నొప్పి. ఇంగ చాలు. తీసేస్తే తీసేయనీ, మగ్గం ఉండనే ఉండాది."

మేనేజరు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నా గురించి కూడా రాయండమ్మా" అన్నాడు. "తెలిసే పెట్టుకున్నానని రాయండి. ఈ షాపులో అందరికంటే ఎక్కువ అమ్మేది ఈయనే అని కూడా రాయండి. అది వాళ్ళకు లెక్కల్లోనే కనపడతాది."

బిల్లింగ్ అమ్మాయి లోపలికి పోయి ఒక తెల్లకాగితం తెచ్చి, నా ముఖం చూడకుండానే చేతిలో పెట్టింది. ఏసీ పెట్టె మీద పెట్టుకుని రాశాను. ఫోటో తీసి మేడంకు పంపాను. నేనెవరో షాపులో చెప్పేశానన్న సంగతి కూడా అందులోనే రాశాను.

స్టేషన్ చేరేలోపల మేడం ఫోన్ వచ్చింది.

"అక్కా, ఇట్లా చేస్తారా? నాకు ముందే ఒక మాట చెప్పొచ్చు కదా?"

"చెప్తే వద్దంటావని చెప్పలేదు తల్లీ."

"మీ ఐడీ మూసేయాలి. వేరే దారి లేదు."

"మూసెయ్."

ఆమె ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. "ఆ ‘కావాలనే’ అన్న మాటను ఇంగ్లీషులో నేను ఇంకా గట్టిగా రాసినాను, అక్కా" అంది. "హెడ్డాఫీసుకు నచ్చుతుందని. ఇప్పుడు మీరు పంపింది మాత్రం ఒక్క అక్షరం మార్చను." ఏడేళ్ళుగా ఫోన్లో తప్ప ఎరగని మనిషి. ఆ రోజు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నట్టు అనిపించింది.

మీరు లెక్కలు బాగా వేస్తారు, ఏడో ఏడులో పని పోతే తొమ్మిదేళ్ళు ఎట్లా చేశావని అడుగుతారు. అదీ చెబుతాను. రెండు నెలలు అటు నుంచి ఏ కబురూ లేదు. తర్వాత హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి అందరితో మాట్లాడి పోయాడట. మేనేజరుకు చీవాట్ల కాగితం ఒకటి వచ్చింది. చెవికి పరీక్ష చేయించారు. ఆయన్ను తీసేయలేదు, మళ్ళీ షాపులోకి తెచ్చారు. నన్ను మాత్రం షాపులకు పంపడం అక్కడితో ఆగిపోయింది. అయితే మేడం ఎవరితో ఏం పోరాడిందో తెలియదు, కొత్తగా చేరేవాళ్ళకు ఫోన్లో పని నేర్పే బాధ్యత నాకు ఇప్పించింది. మరో రెండేళ్ళు అది చేశాను. చూసింది రాయండి, విన్నది రాయండి, ఎదుటి మనిషి మనసులో ఏముందో మాత్రం మీరు రాయొద్దు, అని చెప్పేదాన్ని. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకు చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

ఇప్పుడు ఏ పనీ లేదు. ధర్మవరం పోయినప్పుడల్లా ఆ షాపుకు పోతాను, ముందు తలుపు నుంచే. పోయిన నెల పోతే షాపంతా జనం. ఆయన చెవికి చిన్న మిషన్ ఉంది. "ఫ్రిజ్జులు ఇంత సద్దు చేస్తాయని నాకు తెల్దక్కా. సద్దే రాదని అమ్మేటప్పుడు అబద్ధం చెప్పినట్టుండా" అన్నాడు. బిల్లింగ్ అమ్మాయి టీ తెప్పించింది. ఆమె ఇప్పటికీ నాతో కొంచెం ముభావంగానే ఉంటుంది, కాని టీలో చక్కెర వద్దన్న సంగతి గుర్తుపెట్టుకుంటుంది.

ఒక ముసలాయన, భార్యతో మిక్సీ చూస్తున్నాడు. సేల్స్‌మన్ ఆయనకు నన్ను చూపించి, "ఈయక్కే నా మీద కంపెనీకి రాసింది" అన్నాడు, అదేదో మా ఇద్దరి మధ్య చుట్టరికం అయినట్టు. ఆ ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, భార్యను పట్టుకుని రెండడుగులు పక్కకు జరిగాడు.

సేల్స్‌మన్ పకపకా నవ్వి, "చూడక్కా, ఇంకేమన్నా తప్పులుంటే ఇప్పుడే చెప్పు" అన్నాడు.

ఏమీ లేవు, అంతా బాగుంది అందామనే నోరు తెరిచాను. కాని కళ్ళు పైకి పోయాయి. "ఆ మూల ఫ్యాను రెక్కల మీద దుమ్ము వేలెడు మందం ఉండాదప్పా" అన్నాను.

ఆయన తల ఎత్తి చూశాడు. లోపలికి పోయి ఒక గుడ్డ, ఒక స్టూలు తెచ్చుకున్నాడు. స్టూలుకు ఒక కాలు పొట్టిది, ఎక్కితే ఊగుతోంది. నేను టీ గ్లాసు పక్కన పెట్టి, పోయి స్టూలు పట్టుకున్నాను.